ఇంటి నేల మట్టం, ఎత్తు: కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతం

కొత్త ఇంటికి నేల మట్టం నిర్ణయించడమంటే గచ్చు ఏ ఎత్తున రావాలో, దాని మీద కప్పు ఎంత ఎత్తున నిలవాలో పునాది తీయకముందే తేల్చుకోవడం. గచ్చును ఆ ఎత్తుకు లేపే పీఠాన్ని కొత్తగూడెం చుట్టుపక్కల మేస్త్రీలు బేస్‌మెంట్ అంటారు, ఇంజనీర్లు ప్లింత్ అంటారు. గోడ పగిలితే పూడ్చుకోవచ్చు. కిటికీ చిన్నదైతే పెద్దది చేయించుకోవచ్చు. నేల మట్టం మాత్రం ఒకసారి పడితే ఆ ఇల్లు ఉన్నన్నాళ్ళూ అంతే. జాకీలు పెట్టి ఇల్లు లేపే పనివాళ్ళు ఈమధ్య వచ్చారు గానీ, ఆ ఖర్చు విన్నవాళ్ళు చాలామంది తడి గదుల్లోనే సర్దుకుపోతారు. ఇంత పెద్ద నిర్ణయం మన ఊళ్ళలో సాధారణంగా ఒకే ప్రశ్నతో ముగుస్తుంది: రోడ్డు మీద ఎన్ని అడుగులు లేపాలి? కానీ రోడ్డు నిలకడగా ఉండే కొలత కాదు. పదేళ్ళలో అదే పైకి లేస్తుంది. ఇంటి చుట్టూ పడిన నీరు ఎక్కడికి పోయి దిగుతుందో ఆ చోటు నుంచి లెక్క మొదలుపెట్టి, కదలని ఒక గుర్తుతో దాన్ని సరిపోల్చుకుంటేనే నేల మట్టం సరిగ్గా కుదురుతుంది. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతం ఇందుకు మంచి నిదర్శనం. ఇక్కడ నలభై కిలోమీటర్ల దూరంలోనే నీరు రెండు వేర్వేరు తీరుల్లో ఇంటి మీదికి వస్తుంది.

కొత్తగూడెం గోదావరి ఒడ్డున లేదు. పట్టణాన్ని ఆనుకుని ముర్రేడు వాగు పారుతుంది, అది కిన్నెరసానిలో కలుస్తుంది, కిన్నెరసాని వెళ్ళి గోదావరిలో పడుతుంది. ఏటా వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు పడే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. నేల ఎగుడుదిగుడు. ఒకే వీధిలో ఈ చివరి ఇంటికీ ఆ చివరి ఇంటికీ నాలుగైదడుగుల తేడా ఉండొచ్చు. ఇలాంటి చోట రోడ్డు మీద మూడడుగులు అనే సూత్రం వాలుకు దిగువన ఉన్న ఇంటికి ఒక అర్థమిస్తే, ఎగువన ఉన్న ఇంటికి ఇంకో అర్థమిస్తుంది. వెనక జాగా రోడ్డు కంటే ఎత్తుగా ఉంటే వాన నీరు వీధివైపు నుంచి రాదు, పెరటివైపు నుంచి వస్తుంది. ముందు ఎంత లేపినా వెనక గోడ పాదం నానుతూనే ఉంటుంది. వాగు ఒడ్డున ఉన్న ఇళ్ళకు బెడద మరో రకంది. ముర్రేడు ఒడ్డు కోసుకుపోయి ఇళ్ళు కూలిన చోట్ల మునగడం కంటే పునాది కింది మట్టి జారిపోవడమే అసలు నష్టం. అక్కడ బేస్‌మెంట్ లేపితే బరువు పెరుగుతుందే తప్ప రక్షణ పెరగదు. బొగ్గు తవ్విన పాత గనుల మీద కుంగే అవకాశమున్న నేలలదీ ఇదే కథ. అలాంటి చోట ముందు చూడాల్సింది గని పటం, కొలత టేపు ఆ తర్వాతి సంగతి.

సిమెంటు రాకముందు ఈ అడవి అంచున కట్టిన ఇళ్ళు ఈ లెక్కను మరో దారిలో సాధించాయి. కోయ గూడేల్లో గుంజలు పాతి, వెదురు తడికలకు మట్టి మెత్తి, గడ్డి కప్పిన ఇళ్ళలో మట్టి పీఠం పెద్ద ఎత్తేమీ ఉండదు. చూరు మాత్రం వంగి లోపలికి పోవాల్సినంత కిందికి దిగుతుంది. దీన్ని పేదరికం గుర్తుగా చూసేవాళ్ళు ఒక సంగతి మరచిపోతారు. మట్టి గోడకు శత్రువు వాన చినుకు కంటే, నేలన పడి చింది అడుగెత్తు దాకా గోడను తడిపే నీరు. దిగిన చూరు ఆ చినుకును గోడకు దూరంగా తోస్తుంది, అరుగు ఆ చిందును అడ్డుకుంటుంది. అంటే చూరు పొడుగూ పీఠం ఎత్తూ ఒక జత. ఒకటి తగ్గితే రెండోది పెరగాలి. స్లాబు ఇల్లు చూరును పూర్తిగా తీసేసి రెండడుగుల సజ్జను కిటికీల మీద మాత్రమే ఉంచింది. గోడ పాదానికి ఇక చూరు కాపలా లేదు గనుక ఆ పని మొత్తం బేస్‌మెంట్ మీద పడింది. పాత ఇళ్ళు ఒక అడుగుతో బతికాయి, మనకెందుకు రెండున్నర అనే వాదన ఈ జతలో సగాన్నే చూస్తుంది.

ఇక అంకెలకు వద్దాం. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం ఇంటి పీఠం చుట్టూ ఉన్న నేల మట్టం కంటే కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తుండాలి. ఈ నిబంధనలో చదవాల్సిన మాట చుట్టూ ఉన్న నేల అన్నది. ఆ నేలే కాలువకు దిగువన ఉంటే 45 సెంటీమీటర్ల పీఠం చెరువులో వేసిన తిన్నె అవుతుంది. కాబట్టి కాలువ అంచు నుంచి మొదలుపెట్టాలి. వానాకాలంలో సైడు కాలువ నిండా పారుతుందనే అనుకోవాలి, ఎండాకాలంలో చూసి అడుగు దాకా దిగుతుందని మురిసిపోకూడదు. కాలువ అంచు నుంచి ఇంటి గోడ దాకా పది మీటర్ల జాగా ఉందనుకుంటే, నీరు నిలవకుండా నూటికి ఒకటి చొప్పున వాలు ఇవ్వడానికి 10 సెంటీమీటర్లు కావాలి. రేపు రోడ్డు మీద మరో పొర సిమెంటు కాంక్రీటు వేస్తారని 20 సెంటీమీటర్లు కలుపుకోవాలి. దాని మీద స్మృతి చెప్పిన 45. మొత్తం 75 సెంటీమీటర్లు, రెండున్నర అడుగులు. చదునైన వీధిలో మేస్త్రీ నోటి లెక్క కూడా దాదాపు ఇక్కడికే చేరుతుంది. అందుకే అది చాలాసార్లు పని చేస్తుంది. వాలు నేలలోనో, పల్లపు జాగాలోనో ఈ మూడు భాగాల్లో ఏదో ఒకటి మారుతుంది, నోటి లెక్కకు ఆ మార్పు తెలియదు.

రోడ్డు ఎందుకు లేస్తుందన్నది ఇంటివాడి చేతిలో లేని విషయం. పాత పొరను గీకి తీయకుండా దాని మీదే కొత్తది పోయడం తేలిక, కొలతల పుస్తకంలో చూపించడమూ తేలికే. ఫలితంగా ఒక తరం కింద రోడ్డు మీద రెండడుగులున్న ఇల్లు ఇవాళ రోడ్డుకు సమానంగానో, ఒక మెట్టు దిగేట్టుగానో ఉంటుంది. దీన్ని చూసిన కొత్త ఇంటివాడు నాలుగడుగులు లేపుతాడు, పక్కవాడు ఐదు. ఎత్తు పోటీలో గెలిచేవాళ్ళెవరూ లేరు, ఎందుకంటే లేపిన ప్రతి జాగా తన మీద పడిన నీటిని పక్క జాగాలోకి తోస్తుంది. వీధిలో చివరికి మునిగేది కట్టడానికి డబ్బు లేక ఆగిపోయినవాడి ఇల్లే. అందుకని భవిష్యత్తు రోడ్డు కోసం 20 సెంటీమీటర్లు కలుపుకోవడం జాగ్రత్త అవుతుంది, 60 కలుపుకోవడం తన సమస్యను పక్కింటికి పంపడం అవుతుంది. మిగిలింది స్థానిక సంస్థతో తేల్చుకోవాల్సిన పని. కొత్త పొర వేసే ముందు పాతది తీయమని వీధివాళ్ళు పట్టుబట్టడం నాలుగు ట్రాక్టర్ల మొరం కంటే చవక.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటుంది. భద్రాచలంలో గోదావరి వస్తే ఈ సెంటీమీటర్ల లెక్క ఏం పనికొస్తుంది? పనికిరాదు. అలా ఒప్పుకోవడమే సరైన సమాధానంలో సగం. భద్రాచలం దగ్గర నీటి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టు 16న అది 75.6 అడుగులు, 2022 జులై 16న 71.3 అడుగులు తాకింది. మూడో హెచ్చరికకూ 1986 వరదకూ మధ్య 22 అడుగుల పైచిలుకు తేడా ఉంది. ఏ బేస్‌మెంటూ దాన్ని అందుకోదు. 1986 తర్వాత పట్టణానికి కరకట్ట కట్టారు. అది నదిని ఆపుతుంది గానీ, వరద పోటెత్తినప్పుడు స్లూయిజులు మూసేయాలి కాబట్టి ఊళ్ళో పడిన వాన నీరు లోపలే నిలిచిపోతుంది, మోటార్లతో ఎత్తిపోయాలి. కరకట్ట లోపలి ఇంటికి అప్పుడు వచ్చేది మోకాటి లోతు నీరు. రెండున్నర అడుగుల పీఠం సరిగ్గా అక్కడ ఆదుకుంటుంది. కట్టకు బయట, నది వైపు ఉన్న ఇంటికి పీఠం ఎత్తు గురించి సలహా ఇవ్వడం మోసం. అక్కడ కావలసింది పై అంతస్తు, దాని మీదికి బయటి నుంచి ఎక్కే మెట్లు, లేదా మరో చోట జాగా. 2022 వరద తర్వాత అప్పటి ముఖ్యమంత్రి భద్రాచలంలో ముంపు బాధితులకు ఎత్తైన చోట కాలనీలు కట్టడానికి వెయ్యి కోట్ల రూపాయలు ప్రకటించడం వెనకున్న తర్కం కూడా ఇదే. 2024 సెప్టెంబరు 1న మున్నేరు 36 అడుగుల దాకా పెరిగినప్పుడు ఖమ్మంలో, అంతకు ముందు జులైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు దిగువ ఊళ్ళలో తేలింది కూడా ఇంతే. వాన నీటికి కట్టిన పీఠం ఏటి నీటికి ఆనదు.

వరద అడుగుల గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కదలని గుర్తు అన్న మాటకు అర్థం ఇక్కడే తెలుస్తుంది. 43 అడుగులంటే వీధిలో 43 అడుగుల నీరు కాదు, నదిలో పెట్టిన కొలబద్ద మీద అంకె. ఆ కొలబద్ద సున్నా సముద్ర మట్టానికి సుమారు 32.6 మీటర్ల ఎత్తున ఉంది. కాబట్టి 43 అడుగుల మట్టం సముద్ర మట్టం నుంచి సుమారు 45.7 మీటర్లవుతుంది, 1986 నాటి గరిష్ఠం సుమారు 55.7 మీటర్లు. అడుగులను 0.3048తో గుణించి 32.6 కలిపితే ఏ హెచ్చరికైనా ఈ భాషలోకి మారుతుంది. ఈ మార్పు ఎందుకంటే గోదావరి మీద దిగువనున్న పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. భద్రాచలం మొదటి హెచ్చరికా, పోలవరం పూర్తి మట్టమూ దాదాపు ఒకే ఎత్తున ఉన్నాయి. ఆ జలాశయం వెనక నిలిచే నీటి (బ్యాక్‌వాటర్) వివాదం రాష్ట్రాల మధ్య తగవుగానే వార్తల్లోకి వస్తుంది గానీ, ఇక్కడ ఇల్లు కట్టేవాడికి అది నేల మట్టం విషయం. పోలవరం ముంపు గ్రామాల పునరావాసాన్నే 41.15 మీటర్ల కాంటూరు, 45.72 మీటర్ల కాంటూరు అని విడదీశారు. అక్కడ ఒక కుటుంబం ఎప్పుడు కదలాలో తేల్చింది ఆ ఇంటి గడప సముద్రానికి ఎంత ఎత్తున ఉందన్నదే. సొంత జాగా ఎత్తు తెలుసుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రతి రైల్వే స్టేషను పేరు పలక మీదా సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, కొత్తగూడెంలోనే ఉన్న భద్రాచలం రోడ్ స్టేషనులోనూ ఉంటుంది. సర్వేయరు అలాంటి గుర్తు నుంచి లెవలింగ్ యంత్రంతో మట్టాన్ని జాగా దాకా తీసుకురాగలడు. వాగు పక్కనో నది పక్కనో కట్టే ఇంటికి ఈ ఖర్చు దండగ కాదు. మిట్ట మీద కట్టే ఇంటికి అవసరం లేదు, వీధిలో ఉన్న పాత వంతెన గోడో, గుడి మెట్టో గుర్తుగా చాలు.

వాన నీటి గురించి ఆలోచించినవాళ్ళు కూడా ఇంటి లోపలి నీటిని మరచిపోతారు. మరుగుదొడ్డి గొట్టం నాలుగంగుళాలది, నలభైకి ఒకటి చొప్పున వాలు కోరుతుంది. దొడ్డి నుంచి సెప్టిక్ ట్యాంకు పన్నెండు మీటర్ల దూరంలో ఉంటే వాలుకే 30 సెంటీమీటర్లు పోతాయి. నేల మట్టం తక్కువైతే ఆ మేరకు ట్యాంకును లోతుకు దించాలి. దించితే ట్యాంకు నుంచి బయటికి పోయే నీరు కాలువ అంచుకు అందదు, వానాకాలంలో కాలువ నీరే ట్యాంకులోకి వెనక్కి వస్తుంది. పీఠం ఎత్తు ఒక్కోసారి వాన కంటే ఈ గొట్టం వల్లే ఎక్కువ కావాల్సి వస్తుంది. ప్లాను గీసేటప్పుడు దొడ్డిని వీధికి దగ్గరగా జరిపితే అరడుగు మట్టి ఆదా అవుతుంది. వాస్తు పటంలో గదులు జరిపేవాళ్ళు గొట్టాలను కూడా జరపగలిగితే బాగుండేది.

ఎత్తు ఊరికే రాదు. పన్నెండు వందల చదరపు అడుగుల ఇంటికి ప్రతి అదనపు అడుగుకూ పన్నెండు వందల ఘనపుటడుగుల మట్టి కావాలి, దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి తెప్పించాల్సింది అంతకంటే ఎక్కువే. ఈ ప్రాంతంలో నల్లరేగడి ఉన్న చోట పునాది తవ్వగా వచ్చిన మట్టినే లోపల నింపడం సర్వసాధారణమైన పొరపాటు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, గచ్చు ఆ రెండింటి మధ్య పగులుతుంది. ఎర్ర మొరం తెచ్చి, ఆరేడంగుళాల పొరలుగా పరిచి, తడిపి, ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టాలి. మొత్తం ఒకేసారి పోసి పైన నీళ్ళు పెట్టి వదిలేస్తే పై అడుగు మాత్రమే గట్టిపడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ లోపలి మట్టి పీఠం గోడను బయటికి నెడుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ సంగతి గుర్తుంటే పీఠం మట్టాన చుట్టూ తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీని ఖర్చు కింద లెక్కవేయరు. నేల తడి గోడలోకి ఎగబాకకుండా పీఠం మీద తేమ నిరోధక పొర, అడవి అంచున తప్పని చెదలకు గచ్చు వేయకముందే మట్టికి మందు, ఈ రెండూ ఎత్తు పెంచితే అక్కర్లేదనుకోవడం భ్రమ. చెదలు మూడడుగులు ఎక్కలేని జీవులు కావు.

ఎత్తుకు ఎదురు నిలిచే మరో వాదన మోకాళ్ళది, దానికి నా ఓటు ఎక్కువ. నివాస గృహాల్లో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదని స్మృతి అంటుంది, 15 అయితే ముసలివాళ్ళకు సుఖం. 75 సెంటీమీటర్ల పీఠానికి అలాంటివి ఐదు మెట్లు. చక్రాల కుర్చీకి పన్నెండుకు ఒకటి వాలున్న ర్యాంపు కావాలంటే 9 మీటర్లు, దాదాపు ముప్పై అడుగులు పోతుంది. నాలుగడుగుల పీఠానికి అదే నలభై ఎనిమిది అడుగులవుతుంది, డెబ్బై అయిదు గజాల జాగాలో అది అసాధ్యం. కొందరు ఆ ర్యాంపును రోడ్డు మీదికి దింపి సైడు కాలువను పూడుస్తారు. ఇంటిని నీటి నుంచి కాపాడుకోవడానికి లేపి, నీరు పోయే దారినే మూసేయడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే విచిత్రమైన సంగతి. వాస్తు చెప్పే నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం విషయానికొస్తే, కాలువ ఈశాన్యంలో ఉన్న జాగాకు అది సరిగ్గా సరిపోతుంది. కాలువ నైరుతిలో ఉన్న జాగాలో ఇంటి లోపలి గచ్చును నమ్మకం ప్రకారం చేసుకుని, ఆవరణ నీటిని మాత్రం గోడ వెంబడి చిన్న కాలువతో చుట్టు తిప్పి బయటికి పంపవచ్చు. నమ్మకానికీ నీటికీ తగవు పెట్టాల్సిన అవసరం లేదు. వాలు లెక్కలో ఆ చుట్టు తిరుగుడు దూరాన్ని కలుపుకుంటే చాలు.

పైకప్పు ఎత్తు దగ్గర వాదన వేడి మీదికి మళ్ళుతుంది. కొత్తగూడెంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు, కాబట్టి స్లాబును పదకొండు, పన్నెండు అడుగులకు లేపాలనే కోరిక సహజం. స్మృతి ప్రకారం నివాస గది ఎత్తు 2.75 మీటర్లు, తొమ్మిది అడుగులు చాలు. ఎండకు కాలిన స్లాబు ఎంత ఎత్తున ఉన్నా అంతే వేడిగా ఉంటుంది. దూరం పెరిగితే మనిషి తల మీద దాని సెగ కొంత తగ్గుతుంది, ఇంట్లోకి దిగే వేడి మాత్రం తగ్గదు. ఆ అదనపు రెండడుగుల గోడకు పెట్టే డబ్బుతో స్లాబు మీద తెల్లని పూత, పడమటి గోడకు నీడ, కప్పు కింద వేడి గాలి బయటికి పోయే వెంటిలేటర్లు వస్తాయి. పాత పెంకుటిళ్ళు ఎత్తుగా ఉన్నాయి కదా అంటే, వాటి చల్లదనంలో ఎత్తుతో పాటు పెంకుల సందుల్లోంచి పోయే గాలి వాటా కూడా పెద్దదే. స్లాబుకు ఆ సందులు లేవు.

పీఠం ఎత్తూ గది ఎత్తూ వేర్వేరు నిర్ణయాలు కావని అనుమతి కాగితాల దగ్గర తెలుస్తుంది. 2020లో వచ్చిన తెలంగాణ టీఎస్-బీపాస్ చట్టం కింద డెబ్బై అయిదు చదరపు గజాల లోపు జాగాలో ఒక పై అంతస్తు దాకా, 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతి అక్కర్లేదు, నమోదు చాలు. ఎత్తును నేల నుంచి డాబా దాకా కొలుస్తారు. 75 సెంటీమీటర్ల పీఠం మీద పదడుగుల గదులు రెండు అంతస్తులు, ఐదంగుళాల స్లాబులు రెండు వేస్తే 7.1 మీటర్లవుతుంది, హద్దు దాటినట్టే. గది ఎత్తును తొమ్మిదిన్నర అడుగులకు తగ్గిస్తే 6.8లో ముగుస్తుంది. చిన్న జాగావాళ్ళు సాధారణంగా పీఠంలో కోత పెట్టి గదిని ఎత్తుగా ఉంచుకుంటారు. కోయాల్సింది గదినే.

చివరికి ఇదంతా జాగాలో ఒక గీతగా మారాలి. పారదర్శక గొట్టంలో నీళ్ళు నింపి పట్టే తూకం ఇప్పటికీ చిన్న ఇంటికి నమ్మదగిన పనిముట్టే, గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. పునాది మొదలుకాకముందే కదలని చోట, రోడ్డు మీద కాకుండా, పూర్తయిన గచ్చు మట్టానికి సరిగ్గా ఒక మీటరు పైన గుర్తు పెట్టించాలి. ప్లింత్ బీము పైభాగం గచ్చు మట్టం కాదు. దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు, ఒకటిన్నర అంగుళాల మాలు, టైలు కలిపి ఆరంగుళాల దాకా వస్తుంది. ఈ ఆరంగుళాలు లెక్కలో లేకపోతే ఏడడుగుల దర్వాజ ఆరున్నర అడుగులవుతుంది, స్నానాల గది గచ్చు పక్క గది కంటే అంగుళం దిగాల్సింది పోయి ఎక్కి కూర్చుంటుంది. 2024 మార్చి 11న భద్రాచలంలోనే మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో ఐదు లక్షల సాయంలో తొలి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాక వస్తుంది. ఆ డబ్బు తొందరలో పీఠం ఎంత ఎత్తున ముగిసిందని అడిగేవాళ్ళు తక్కువ. సాయం కోసం బేస్‌మెంట్ ఫొటో తీసే ముందు రోజు తూకం గొట్టంతో కాలువ అంచు దాకా ఒకసారి కొలిపించుకుంటే, తేడా ఉన్నా రెండు వరుసల ఇటుకతో సరిపోతుంది. గోడలు లేచాక అదే తేడాకు మందు లేదు.